ఇల్లంతా పాట వినిపించాలంటే: స్పీకర్ల కంటే ముందు సోర్సు తేల్చుకోండి

ఇల్లంతటికీ ఆడియో సిస్టమ్ పెట్టించుకుందామనుకునేవాళ్లు ముందు స్పీకర్ల గురించే అడుగుతారు. సీలింగ్‌లో ఏ కంపెనీవి బిగించాలి, హాల్లో రెండు చాలా, నాలుగు కావాలా అని. డీలరూ అక్కడే మొదలుపెడతాడు, బిల్లు పెరిగేది అక్కడే కాబట్టి. పాట అసలు ఎక్కణ్నుంచి రావాలన్న సంగతి, అంటే సోర్సు, మాత్రం చివర్లో "బ్లూటూత్ ఉంది కదండీ, ఫోన్ కనెక్ట్ చేసుకోండి" అన్న ఒక్క మాటతో తేల్చేస్తారు. ఎన్ని కుళాయిలు బిగించినా ట్యాంకులో ఉన్న నీళ్లే కదా వచ్చేది. పెట్టించిన కొన్నాళ్లకే సిస్టమ్‌ను పక్కన పడేసిన ఇళ్లలో చాలాసార్లు స్పీకర్ల తప్పేమీ ఉండదు. అమ్మకు ఆన్ చేయడం రాదు, నాన్న వినే ప్రవచనం అందులో దొరకదు, అబ్బాయి ఫోన్ పట్టుకుని ఆఫీసుకు వెళ్తే ఇంట్లో పాటే ఉండదు. ఇవన్నీ సోర్సు సమస్యలు.

హాలు, వంటగది, పూజగది, రెండు మూడు పడకగదులు ఉన్న మామూలు ఇంటిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. స్పీకర్లకు వైర్లు లాగించినా, గదికొక వైఫై స్పీకర్ పెట్టుకున్నా సోర్సు ఎంచుకునే పద్ధతి ఒకటే.

1. ఎవరు ఏం వింటారో కాగితం మీద పెట్టండి

ఇంట్లో ఒక్కొక్కరి పేరు రాసి, ఎదురుగా మూడు సంగతులు నింపండి: ఏ వేళలో వింటారు, ఏం వింటారు, అది ఇప్పుడు ఎక్కణ్నుంచి వస్తోంది. మూడోదే అసలు గడి. ఉదాహరణకు ఇలా తేలొచ్చు. తెల్లవారుజామున పూజగదిలో సుప్రభాతం: పెన్‌డ్రైవ్. ఆ తర్వాత ఆకాశవాణి భక్తిరంజని: రేడియో. వంట చేసేటప్పుడు పాత సినిమా పాటలు: స్ట్రీమింగ్ యాప్. పిల్లల పాటలు: యాప్. రాత్రి గంటన్నర ప్రవచనం: యూట్యూబ్.

ఈ పట్టిక రాస్తే చాలా ఇళ్లలో ఒక సంగతి బయటపడుతుంది. పెద్దవాళ్లు వినేదాంట్లో ఎక్కువ భాగం యూట్యూబ్‌లోనే ఉంటుంది. ప్రవచనాలు, హరికథలు, పద్యనాటకాలు, పాత కచేరీలు వగైరా. సిస్టమ్ అమ్మేవాళ్లు చెప్పని చిక్కు ఇక్కడే ఉంది. యూట్యూబ్ మ్యూజిక్ యాప్ నుంచి ఆడియో స్పీకర్లకు క్యాస్ట్ చేయొచ్చు (వైఫై మీద వాటిలో మోగించొచ్చు) గానీ, మామూలు యూట్యూబ్ యాప్ వీడియో చూపించే పరికరాలనే వెతుకుతుంది. తెర లేని స్పీకర్లు దాని జాబితాలో సాధారణంగా కనిపించవు. కాబట్టి మీ ఇంట్లో ప్రవచనాల వాటా ఎక్కువైతే టీవీనో, టీవీకి తగిలించే స్టిక్‌నో కూడా ఒక సోర్సుగా లెక్కలోకి తీసుకోవాల్సిందే. లేదా అదే ప్రవచనం పాడ్‌కాస్ట్‌గా దొరుకుతుందేమో చూడండి. పాడ్‌కాస్ట్ యాప్‌లో ఇంకో లాభముంది: మధ్యలో ఆపేస్తే మర్నాడు అక్కణ్నుంచే మొదలవుతుంది. పాటల యాప్‌లు చాలావరకు గంటన్నర ప్రవచనాన్ని కూడా పాటలాగే చూసి, మళ్లీ మొదటికి తీసుకెళ్తాయి.

2. ఒకే సమయంలో ఎన్ని వేర్వేరు పాటలు మోగాలి?

దీన్ని ముందే తేల్చుకోకపోతే తర్వాత ఇంట్లో రోజూ గొడవే. ఇల్లంతా ఒకటే పాట చాలనుకుంటే ఒక సోర్సు సరిపోతుంది. వంటగదిలో పాత పాటలు మోగుతుండగానే పిల్లల గదిలో వేరే పాట రావాలంటే రెండు సోర్సులు, రెండు స్ట్రీములు, రెండు ఖాతాలు కావాలి.

ఖాతాల సంగతి చాలామందికి కొన్నాక గానీ తెలియదు. స్పాటిఫైలో ఒకరి కోసం తీసుకునే ప్లాన్‌లో ఒక సమయంలో ఒక్కచోటే పాట మోగుతుంది. మీరు ఆఫీసులో ప్లే నొక్కితే ఇంట్లో సీలింగ్ స్పీకర్లు గప్‌చుప్. కుటుంబం కోసం తీసుకునే ప్లాన్‌లో ఒకరికంటే ఎక్కువ మందికి వేర్వేరు ఖాతాలుంటాయి, ఎంతమందికన్నది ప్లాన్‌ను బట్టి చూసుకోండి. ఆపిల్ మ్యూజిక్ ఫ్యామిలీ ప్లాన్ ఆరుగురి దాకా పనిచేస్తుంది. నా సలహా ఏమిటంటే, ఆ ఖాతాల్లో ఒకటి మనుషులెవరికీ ఇవ్వకుండా ఇంటికే కేటాయించండి. స్పీకర్లన్నీ ఆ ఖాతాతోనే లాగిన్ అవ్వాలి. అప్పుడు పిల్లలు వినే పాటలు మీ సిఫార్సుల్లో కలవవు, ఎవరో బస్సులో ప్లే నొక్కినందుకు ఇంట్లో సుప్రభాతం మధ్యలో ఆగదు.

వైర్లతో చేసే సిస్టమ్‌లో మల్టీజోన్ యాంప్లిఫయర్ మీద "ఆరు జోన్లు, నాలుగు సోర్సులు" లాంటి అంకెలు కనిపిస్తాయి. జోన్లంటే విడివిడిగా నడిపించగల గదులు. సోర్సులంటే దాని వెనక మీరు తగిలించగల పరికరాలు. అవి డబ్బాతో పాటు రావు, విడిగా కొనాలి. నాలుగు సోర్సులు అని రాసి ఉంది కదా అని నాలుగూ నింపక్కర్లేదు. మామూలు కుటుంబానికి రెండు స్ట్రీమర్లు (ఇంటర్నెట్ నుంచి పాట తెచ్చి యాంప్లిఫయర్‌కు ఇచ్చే పెట్టెలు), టీవీ నుంచి ఒక ఇన్‌పుట్ ధారాళంగా సరిపోతాయి.

3. ఫోన్ రిమోట్‌గా ఉండాలి, సోర్సుగా కాదు

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటారంటే ఇదే గుర్తుంచుకోండి. ఫోన్‌లో ప్లే నొక్కితే స్పీకర్‌లో పాట రావడం పైకి ఒకేలా కనిపిస్తుంది గానీ, లోపల రెండు వేర్వేరు పనులు జరుగుతుంటాయి.

బ్లూటూత్‌లో పాట ఫోన్‌లోంచే వెళ్తుంది. కాల్ వస్తే పాట ఆగుతుంది. మీరు మేడ మీదికి వెళ్తే తెగుతుంది. పది మీటర్లు అని రాసుంటుంది గానీ, మధ్యలో రెండు గోడలుంటే అంత దూరం రాదు. గదులన్నింటికీ ఒకే పాటను సరిగ్గా కలిపి పంపడం మామూలు బ్లూటూత్‌కు చేతకాదు. అందుకే ఇల్లంతటికీ అది ప్రధాన సోర్సు కాకూడదు. వచ్చిన చుట్టం ఒక పాట వినిపించడానికైతే సరే.

గూగుల్ క్యాస్ట్, స్పాటిఫై కనెక్ట్ పద్ధతి వేరు. ఫలానా పాట వెయ్యి అని ఫోన్ చెప్పి ఊరుకుంటుంది. స్పీకరో, స్ట్రీమరో ఆ పాటను ఇంటర్నెట్ నుంచి నేరుగా తెచ్చుకుంటుంది. ఫోన్ స్విచాఫ్ అయినా పాట ఆగదు.

ఆపిల్ వాళ్ల ఎయిర్‌ప్లే 2 ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. 2018లో వచ్చింది. వైఫై మీద నడుస్తుంది కాబట్టి నాణ్యత బాగుంటుంది, పలు గదుల్లో పాట కలిసి మోగుతుంది. కానీ ఐఫోన్ నుంచి ఎయిర్‌ప్లే చేసినప్పుడు సాధారణంగా పాట ఫోన్‌లోంచే ప్రవహిస్తుంది. ఫోన్ ఇల్లు దాటితే పాట కూడా దాటినట్టే. ఆపిల్ సొంత హోమ్‌పాడ్‌కు మాత్రం ఆపిల్ మ్యూజిక్‌ను తనంతట తాను తెచ్చుకునే వీలుంది.

దుకాణంలోనే దీన్ని తేల్చే పరీక్ష ఉంది. పాట పెట్టించండి, ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి, ఆ పాట అయిపోయి తర్వాతి పాట వచ్చేదాకా నిలబడండి. మొదటి పాట కొంతసేపు బఫర్‌లో ఉన్నదాంతో నడవొచ్చు, కాబట్టి రెండో పాటే అసలు సాక్ష్యం. అది కూడా వస్తే సోర్సు ఫోన్ కాదు, స్ట్రీమర్. సేల్స్ కుర్రాడు చిరాకు పడినా పర్వాలేదు, కొనేది మీరు.

స్ట్రీమర్ పెట్టె మీద ఎన్ని లోగోలున్నా, మీ ఇంట్లో వాడే యాప్ అందులో ఏ దారిలో పనిచేస్తుందో చూడటం ముఖ్యం. ఇంట్లో కొందరివి ఆండ్రాయిడ్, కొందరివి ఐఫోన్ అయితే క్యాస్ట్, ఎయిర్‌ప్లే రెండూ ఉన్నదే తీసుకోండి. ఒక్కటే ఉన్నది చౌకగా వస్తోందని తీసుకుంటే ఇంట్లో సగం మందికి అది ఉన్నా లేనట్టే.

4. స్ట్రీమింగ్ సర్వీసు: మీ పాటలు అందులో ఉన్నాయా?

ప్రకటనల్లో కోట్ల పాటలంటారు. మీకు కావాల్సింది మీ పాటలు. మొదటి అడుగులో రాసిన పట్టిక ముందు పెట్టుకుని పాతిక పాటలు ఎంచండి. అందరికీ తెలిసిన హిట్లు వద్దు, అవి అన్నింట్లోనూ ఉంటాయి. యాభయ్యో దశకపు సినిమా పాట ఒకటి, ఒక త్యాగరాజ కీర్తన మీకిష్టమైన గాయకుడి గొంతులోనే, ఒక ప్రైవేటు భక్తి ఆల్బమ్, ఒక జానపదం, ఒక లలితగీతం, మొన్న వచ్చిన సినిమాలో అంతగా పేరు రాని పాట. ట్రయల్ నెలలో ఒక్కొక్కటీ వెతకండి.

దొరికిందా లేదా అన్నదొక్కటే చూస్తే చాలదు. పాత పాటల పేరు మీద కొత్త గాయకులు పాడిన కవర్ వెర్షన్లు కుప్పలుగా ఉంటాయి. ప్లే చేసి విని, అసలు గొంతేనని నిర్ధారించుకోండి. స్పెల్లింగుల తంటా ఇంకోటి. తెలుగు పాటల పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లో ఎక్కించినవాళ్లు తలా ఒక తీరున రాశారు. పాట పేరుతో దొరక్కపోతే సినిమా పేరుతో, సంగీత దర్శకుడి పేరుతో వెతికితే బయటపడుతుంది. దొరికినవాటిని వెంటనే ప్లేలిస్ట్‌లో వేసి పెట్టుకోండి, రెండోసారి వెతికే పని తప్పుతుంది.

ఏ సర్వీసునూ శాశ్వతం అనుకోవద్దు. స్పాటిఫై 2019లో మన దేశానికి వచ్చిన మొదటి ఏడాదిలో చాలాకాలం అందులో సరిగమ కంపెనీ పాటలు లేవు. పాత హెచ్‌ఎంవీ సంపద అంతా సరిగమ చేతిలోనే ఉంది, అంటే ఘంటసాల పాటల్లో పెద్ద వాటా కూడా అందులోనిదే. 2020లో ఒప్పందం కుదిరాకే అవి అక్కడికి చేరాయి. గూగుల్ ప్లే మ్యూజిక్ 2020లో మూతపడింది. వింక్ మ్యూజిక్‌ను మూసేస్తున్నట్టు ఎయిర్‌టెల్ 2024లో ప్రకటించింది. ఏళ్ల తరబడి కూర్చుకున్న ప్లేలిస్టులు ఇలా ఒక్క ప్రకటనతో గాల్లో కలిసిపోవచ్చు. అందుకే ఒకే ఒక్క సర్వీసుతో ముడిపడిన స్పీకర్ కొనకండి. సర్వీసు మారితే యాప్ మారాలి గానీ, గోడలోని పరికరం మారకూడదు.

నాణ్యత గురించి రెండు ముక్కలు. సీడీ నాణ్యత అంటే 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్లు, సెకనుకు 1,411 కిలోబిట్లు. స్పాటిఫై చాలా ఏళ్లు 320 కిలోబిట్ల దగ్గరే ఆగింది, ఆపిల్ మ్యూజిక్ 2021 నుంచి లాస్‌లెస్ (అసలు రికార్డింగులోంచి ఏమీ పోని రూపం) ఇస్తోంది. హాల్లో మంచి జత స్పీకర్ల ముందు కూర్చుని వినేవాళ్లకు ఈ తేడా అక్కరకొస్తుంది. వంటగదిలో చిమ్నీ హోరు, మిక్సీ మోత మధ్య సీలింగ్ స్పీకర్‌కు రాదు. పైగా ఘంటసాల కాలపు పాటలు చాలావరకు మోనో రికార్డింగులు, అప్పటి టేపు ఎంత పట్టిందో అంతే ఉంటుంది. "హై-రెస్" స్టిక్కర్ కోసం పెట్టే అదనపు డబ్బును నెట్‌వర్క్ మీద పెట్టండి.

5. మీ సొంత పాటల గుట్టను సోర్సుగా మార్చడం

ఇది అందరూ వాయిదా వేసే పని. నా దృష్టిలో అన్నిటికంటే విలువైన సోర్సు ఇదే. ఇంటర్నెట్ పోయినా మోగుతుంది, చందా లేదు, ఎవరూ వెనక్కి తీసుకోలేరు. అటక మీది సీడీలు, పాత కంప్యూటర్‌లోని ఫోల్డర్లు, కారు పెన్‌డ్రైవ్, క్యాసెట్లు అన్నీ దీని కిందికే వస్తాయి.

సీడీలను విండోస్‌లో ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫ్లాక్ ఫార్మాట్‌లోకి ఎక్కించండి. ఫ్లాక్‌లో ఏమీ నష్టపోకుండా సైజు తగ్గుతుంది. అయిదు నిమిషాల పాట సుమారు 30 ఎంబీ అవుతుంది. ఒక టీబీ డిస్క్‌లో ముప్పై వేల పాటల దాకా పడతాయి, మామూలు ఇంటికి ఇది జీవితకాలానికి చాలు. ఉన్న ఎంపీ3లను మాత్రం ఫ్లాక్‌లోకి మార్చకండి. పోయింది తిరిగి రాదు, సైజే పెరుగుతుంది. క్యాసెట్లయితే ప్లేయర్ నుంచి కంప్యూటర్‌కు లైన్ కేబుల్ పెట్టి ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రికార్డు చేసుకోవాలి. గంట క్యాసెట్‌కు గంట పడుతుంది, దగ్గరదారి లేదు. కాబట్టి బయట ఎక్కడా దొరకని క్యాసెట్లతో మొదలుపెట్టండి: తాతగారి గొంతు, ఊళ్లో ఉత్సవాల్లో రికార్డు చేసిన హరికథ లాంటివి.

అసలు శ్రమ ట్యాగుల్లో, అంటే ఫైల్ లోపల రాసి ఉండే పాట, గాయకుడు, సినిమా లాంటి వివరాల్లో ఉంటుంది. ఏదో ఒక పాత పెన్‌డ్రైవ్ తీసి ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి చూడండి. పాట పేరు "ట్రాక్ 01", గాయకుడి పేరు గడిలో ఏదో డౌన్‌లోడ్ వెబ్‌సైట్ చిరునామా, సంవత్సరం ఖాళీ. వంటగదిలో నిలబడి ఫోన్‌లో వెతికితే ఇలాంటి పాట ఎప్పటికీ దొరకదు. అన్నీ ఎంపిక చేసి ఆ చిరునామాలను ఒక్క దెబ్బతో చెరిపేయండి, సినిమా పేరును ఆల్బమ్ గడిలో నింపండి. తర్వాత "ఆల్బమ్ ఆర్టిస్ట్" అనే గడి. సినిమా పాటలకు ఇది ప్రాణం. ఒక సినిమాలో ఆరు పాటలు నలుగురు గాయకులు పాడి ఉంటే, ఈ గడి ఖాళీగా ఉన్నప్పుడు చాలా ప్లేయర్లు ఆ సినిమాను నాలుగు ముక్కలు చేసి చూపిస్తాయి. ఆరు పాటలకూ అందులో సంగీత దర్శకుడి పేరు పెడితే సినిమా ఒక్కటిగా నిలుస్తుంది, పైగా ఆయన సినిమాలన్నీ ఒక్కచోట చేరతాయి. పేర్లు తెలుగు లిపిలోనా, ఇంగ్లిష్ అక్షరాల్లోనా అన్నది ఇంట్లోవాళ్లు ఫోన్‌లో ఎలా టైప్ చేస్తారో దాన్నిబట్టి నిర్ణయించండి. రెండూ కలపొద్దు.

చివరిగా శబ్దం హెచ్చుతగ్గులు. పాత పాట మెల్లగా, కొత్త పాట చెవులు గింగిర్లెత్తేలా వస్తుంది. ఫూబార్2000 అనే ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో పాటలన్నింటికీ రీప్లేగెయిన్ (ఒక్కో పాట ఎంత గట్టిగా ఉందో చెప్పే ట్యాగు) లెక్క వేయిస్తే, ఆ ట్యాగును చదవగల ప్లేయర్లు అన్నిటినీ ఒకే స్థాయికి తెస్తాయి. స్ట్రీమింగ్ యాప్‌ల సెట్టింగుల్లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంటుంది, ఆన్ చేసుకోండి. తెల్లవారుజామున పడుకున్నవాళ్లు ఉలిక్కిపడి లేవకుండా ఉంటారు.

ఇవన్నీ ఎక్కడ పెట్టాలి? రౌటర్ యూఎస్‌బీకి డిస్క్ తగిలించడం చౌక దారి, చిన్న లైబ్రరీకి చాలు. నాస్ పెట్టె (ఇంటి నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) అయితే నిశ్చింత. కాస్త ఓపికున్నవాళ్లకు రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ మీద లిరియన్ మ్యూజిక్ సర్వర్ మంచి దారి. ఇది ఒకప్పుడు లాజిటెక్ స్క్వీజ్‌బాక్స్ ప్లేయర్ల కోసం నడిచిన సాఫ్ట్‌వేర్. ఆ ప్లేయర్ల అమ్మకం ఎప్పుడో ఆగిపోయినా, ఇది ఓపెన్ సోర్స్ కావడంతో అభిమానుల చేతుల్లో ఇంకా బతికే ఉంది. సోనోస్ కంపెనీ వైఫై స్పీకర్లు తీసుకునేవాళ్లు దాని లైబ్రరీకి 65,000 పాటల పరిమితి ఉందని గుర్తుంచుకోవాలి. ఏది పెట్టినా రెండో డిస్క్‌లో ఒక నకలు ఉంచి తీరాలి.

6. రేడియో, టీవీ, గ్రామఫోన్

ఆకాశవాణి వినేవాళ్లుంటే న్యూస్‌ఆన్‌ఎయిర్ యాప్‌లో తెలుగు కేంద్రాలు దొరుకుతాయి. చాలా స్ట్రీమర్లలో ఇంటర్నెట్ రేడియో జాబితా కూడా ఉంటుంది. ఇంటర్నెట్‌లో వచ్చే ప్రసారం అసలు ప్రసారం కంటే కొన్ని సెకన్లు వెనక నడుస్తుంది. కాబట్టి ఒక గదిలో మామూలు రేడియో, పక్క గదిలో స్ట్రీమ్ పెడితే వార్తలు రెండుసార్లు వినాల్సి వస్తుంది. ఇల్లంతటికీ ఒకే దారి పెట్టండి.

టీవీ శబ్దాన్ని వేరే గదులకు పంపడంలోనూ ఇదే ఇబ్బంది. వైఫై మల్టీరూమ్ పద్ధతులు గదులన్నీ కలిసి మోగడానికి శబ్దాన్ని కొంత ఆపి పంపుతాయి. వంటగదిలో వార్తలు వినడానికి పర్వాలేదు, టీవీ ఉన్న గదిలో మాత్రం టీవీ శబ్దాన్ని నేరుగా అక్కడి స్పీకర్లకే ఇవ్వండి. లేదంటే పెదాలకూ మాటకూ పొంతన ఉండదు. టీవీ, సెట్‌టాప్ బాక్స్ కలిపాక స్పీకర్లలో గుయ్‌మని మోత వస్తే ముందు ఆప్టికల్ కేబుల్‌తో కలిపి చూడండి. అందులో లోహం లేదు కాబట్టి గ్రౌండ్ లూప్ మోత (పరికరాల ఎర్తింగ్ తేడాల వల్ల కేబుల్ గుండా వచ్చేది) దాని గుండా రాదు.

గ్రామఫోన్ రికార్డులు ఉన్నవాళ్లకు ఫోనో ప్రీయాంప్ (రికార్డు ప్లేయర్ నుంచి వచ్చే సన్నని సిగ్నల్‌ను పెంచే పెట్టె), లైన్ ఇన్‌పుట్ ఉన్న స్ట్రీమర్ కావాలి. ఇల్లంతటికీ వినిపించడం కంటే, హాల్లో దాని ముందు కూర్చుని వింటేనే దానికి అందం.

7. నెట్‌వర్క్, కరెంటు

సోర్సు పరికరాలన్నీ రౌటర్ పక్కన ఒకే అరలో పెట్టి కేబుల్‌తో కలపండి. మన కాంక్రీట్ స్లాబు, ఇటుక గోడల మధ్య వైఫై పై అంతస్తుకు నీరసించి చేరుతుంది. ఇల్లు ఇంకా కడుతుంటే ప్లాస్టరింగ్‌కు ముందే ప్రతి గదికీ క్యాట్6 నెట్‌వర్క్ కేబుల్ పట్టే పైపు వేయించండి.

డేటా గురించి టెన్షన్ అక్కర్లేదు. 320 కిలోబిట్ల స్ట్రీము గంటకు 144 ఎంబీ మాత్రమే. లాస్‌లెస్ అయినా రోజుకు ఎనిమిది గంటలకు మూడు నాలుగు జీబీలు, ఫైబర్ కనెక్షన్‌కు అదొక లెక్క కాదు. గెస్ట్ వైఫైలో ఉన్న ఫోన్లకు మాత్రం స్పీకర్లు కనిపించవు, చాలా రౌటర్లు ఆ రెంటినీ కావాలనే విడదీస్తాయి. చుట్టాలొచ్చినప్పుడు "మీ స్పీకర్ రావట్లేదండీ" అన్న ఫిర్యాదు ఎక్కువగా ఇందుకే.

కరెంటు పోయినప్పుడు స్పీకర్లకు ఇన్వర్టర్ ఉండి, రౌటర్‌కూ ఫైబర్ పెట్టెకూ లేకపోతే స్ట్రీమింగ్ ఆగినట్టే. అన్నీ ఇన్వర్టర్ లైన్ మీదికే తేండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద యాంప్లిఫయర్లు మోత పెడతాయి, ప్యూర్ సైన్ వేవ్ ఉన్నదే చూసుకోండి.

8. ఒక్క గదితో మొదలుపెట్టి చూడండి

ఒక్క స్ట్రీమర్ కొని, ఇంట్లో ఉన్న పాత యాంప్లిఫయర్‌కో హోమ్ థియేటర్‌కో తగిలించి, నెల రోజులు వాడండి. ఏరోప్లేన్ మోడ్ పరీక్ష ఇంట్లో మళ్లీ చేయండి. మెయిన్ స్విచ్ ఆపి, ఇన్వర్టర్ మీద పాట నడుస్తుందో చూడండి. ఇంటర్నెట్ కేబుల్ పీకేసి, సొంత లైబ్రరీలోని పాట వస్తుందో లేదో చూడండి.

అన్నిటికంటే కఠినమైన పరీక్ష ఇంట్లో పెద్దవాళ్లది. మీరు పక్కన లేనప్పుడు వాళ్లంతట వాళ్లు సుప్రభాతం పెట్టుకోగలగాలి. చాలా స్ట్రీమర్లకు ప్రీసెట్ బటన్లున్న రిమోట్ దొరుకుతుంది. ఒకటో నంబరుకు సుప్రభాతం, రెండుకు ఆకాశవాణి, మూడుకు పాత పాటల ప్లేలిస్ట్ కేటాయించి, రిమోట్ వెనక కాగితం మీద రాసి అంటించండి. మాటతో ఆదేశాలిచ్చే స్పీకర్లను దీనికి బదులుగా నమ్ముకోవద్దు. తెలుగు పాట పేరును ఇంగ్లిష్ యాసలో పలికితే గానీ పట్టుకోని సందర్భాలు బోలెడు, అది పట్టుకునేలోపు పెద్దవాళ్లకు విసుగొస్తుంది.

ఈ నెలలో ఎవరూ ముట్టని సోర్సు ఏదైనా ఉంటే జాబితాలోంచి కొట్టేయండి. మిగిలినవాటికి తగ్గట్టుగా యాంప్లిఫయర్ ఇన్‌పుట్లు లెక్కేసుకుని, అప్పుడు డీలర్‌ను పిలిచి స్పీకర్ల మాట ఎత్తండి.